మిగతా వోల్టేజి ఎక్కడ?

రూబీ టీచరుకి మనుషుల మీద పెద్దగా గౌరవం లేదు. కరెంటు మీద ఉంది. కరెంటు మొహమాటపడదనీ, ఎదురుగా ఉన్నది సంఘ పెద్ద కదా అని పక్కకి తప్పుకోదనీ ఆవిడ నమ్మకం. మనుషులు అలా కాదు. అందులోనూ పాలకొల్లుకి దగ్గర్లో, కాలువ గట్టు మీదున్న ఆ ఊరి మనుషుల సంగతి ఆవిడ దగ్గర ఎత్తితే చాలు, మూతి ఓ పక్కకి వంకర తిరిగేది.

హైస్కూల్లో ఆవిడ చెప్పేది ఫిజికల్ సైన్సు. ఏటా పదో తరగతి వాళ్లకి కరెంటు పాఠం మొదలెట్టే రోజున ఒక బ్యాటరీ, ఒక చిన్న బల్బు, ఒకే ఒక్క తీగ ముక్క బల్ల మీద పెట్టి, “వెలిగించండి నాయనా, చూద్దాం” అనేది. పిల్లలు తీగని అటు ఆనించి, ఇటు ఆనించి, చెమటలు కక్కేవాళ్లు. కాసేపు వాళ్ల అవస్థ చూసి ఆనందించాక రెండో తీగ తీసిచ్చేది. బల్బు వెలిగేది.

“వెళ్లిన కరెంటు తిరిగి రావాలిరా. తిరిగొచ్చే దారి లేకపోతే అది గుమ్మం దిగదు. వలయం అంటే అదే. మీ ఇళ్లల్లో కరెంటొచ్చింది, కరెంటొచ్చింది అని గంతులేస్తారే, అది రావడం ఒక్కటే కాదు, పోవడం కూడా ఉంది. ఆ పోయే తీగ పేరే న్యూట్రల్. అర్థమైందా, తలకాయలు ఊపడమేనా?”

తలకాయలు ఊపడమే. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

ఇంతటి నోరున్న తల్లికి కూతురై పుట్టడం మెర్సీకి చిన్న కష్టం కాదు. మేనమామ పెళ్లిలో సీరియల్ సెట్లు కట్టినవాణ్ణి రూబీ టీచరు పందిట్లో నిలబెట్టి, అతుకులకి టేపెందుకు చుట్టలేదని నలుగురిలో కడిగి పారేసింది. మెర్సీ నర్సింగు కాలేజీ వార్షికోత్సవంలో ప్రిన్సిపాల్ గారు మాట్లాడుతుంటే లేచి, మైకు తీగ నీళ్లలో నానుతోందని కేకేసింది. రెండుసార్లూ ఆవిడ చెప్పింది నిజమే. రెండుసార్లూ మెర్సీ సిగ్గుతో చచ్చిపోయింది.

ఇక విజయ్ పాల్ సంగతి. ఊళ్లో సౌండు బాక్సులు అద్దెకిచ్చే కొట్టు అతనిదే. బాప్టిస్టు సంఘంలో పెద్ద. అందరి జేబులో పెన్ను ఉండే చోట అతనికి టెస్టరు ఉంటుంది. ఆ టెస్టరుని అతను వాడిన సందర్భాల కన్నా తడుముకున్న సందర్భాలే ఎక్కువ. మందిరంలో ఫ్యాను తిరగకపోయినా, మైకు కుయ్యిమన్నా, లేచి చొక్కా సర్దుకుని నడిచేవాడు. వెళ్లి ఏదో ఒకటి లాగి, ఏదో ఒకటి కట్టేవాడు. అది పని చేసేది. పని చేస్తే చాలు, సరిగ్గా ఉన్నట్టే అని ఊరంతా ఒప్పేసుకుంది. పైగా అతను రూబీ టీచరు దగ్గర చదువుకున్నవాడే. సైన్సులో ఆ ఏడు స్కూలు ఫస్టు.

కార్తీక మాసంలో వచ్చిన తుపానుకి స్తంభం నుంచి మందిరానికొచ్చే న్యూట్రల్ తీగ తెగింది. లైట్లన్నీ పోయాయి. లైన్‌మేన్‌కి కబురు పెడదామన్నారు పాస్టరు దైవసహాయం గారు. విజయ్ పాల్ చిరునవ్వు నవ్వాడు.

“ఆయనొచ్చేసరికి ఆరాధన అయిపోద్దండి. మనది గోదారి నేలండి, ఎక్కడ గుచ్చినా తడే. ఈ నేలుండగా న్యూట్రల్ ఎందుకండి?”

అని, ఒక తీగ తెచ్చి మందిరం పక్కనున్న బోరు ఇనప గొట్టానికి బిగించాడు. లైట్లు భళ్లున వెలిగాయి. జనం స్తోత్రం చెప్పారు.

రూబీ టీచరు ఊరుకుంటుందా! “ఏమయ్యా విజయ్ పాల్, తిరుగు కరెంటంతా ఇప్పుడు ఆ గొట్టంలోంచి నేలలోకి దిగుతోంది. రేపెవడైనా ఆ గొట్టం ముట్టుకుంటే?”

విజయ్ పాల్ వెళ్లి గొట్టాన్ని ఒట్టి చేత్తో పట్టుకున్నాడు. అందరి వైపూ తిరిగి చూపించాడు. “ముట్టుకున్నానండి. ఉన్నానండి.”

జనం గొల్లున నవ్వారు. వానాకాలపు నేల. చెరువులా నానిపోయి ఉంది. అలాంటి నేలలోకి కరెంటు హాయిగా దిగిపోతుంది, గొట్టంలో ఏమీ మిగలదు. ఈ ముక్క చెప్పబోతే వినేవాడు లేడు. “టీచర్ గారికి ఎవరేం చేసినా తప్పేనండి” అన్నాడొకడు. లైన్‌మేన్‌కి కబురు పెట్టే సంగతి అక్కడితో అందరూ మర్చిపోయారు. లైటు వెలుగుతుంటే ఇంకెవరిక్కావాలి!

వేసవి వచ్చింది. మెర్సీ బాప్తిస్మం తీసుకుంటానంది. రూబీ టీచరు మనసు నిండిపోయింది. కానీ కూతురు మంచం మీద కూర్చుని, తల్లి రెండు చేతులూ పట్టుకుని ఒక మాట అడిగింది.

“మమ్మీ, ఆ ఒక్క పూట నువ్వు నోరెత్తకూడదు. మైకు గురించి గానీ, తీగల గురించి గానీ, విజయ్ పాల్ అంకుల్ గురించి గానీ. నాకు మాటియ్యి.”

“నేనేమన్నా పిచ్చిదాన్నా?”

“మాటియ్యి మమ్మీ.”

ఇచ్చింది. ఇచ్చాక ఆవిడకి గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టయింది. తన పిల్ల తనని చూసి ఇంతగా భయపడుతోందా అని.

మామూలుగా అయితే బాప్తిస్మాలు కాలువలోనే ఇస్తారు. కానీ ఎండాకాలం మరమ్మతులకి కాలువలు కట్టేశారు. గట్టు కింద బురదా, చెప్పులూ, ప్లాస్టిక్ సీసాలూ తప్ప నీళ్లు లేవు. అందుకని మందిరం ఆవరణలో సిమెంటు తొట్టి నింపారు. ముసలివాళ్లు మెట్ల మీద జారిపోకుండా విజయ్ పాల్ ఆ వారమే తొట్టికి ఇనప చేపట్టు పెట్టించాడు. గట్టిగా ఉంటుందని దాని కొసని బోరు గొట్టానికే వెల్డింగు చేయించాడు. ఆ సంగతి మైకులో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు కూడా.

ఆదివారం పొద్దున్నే ఎండ నిప్పులు చెరుగుతోంది. తొట్టి చుట్టూ షామియానా వేశారు. నీడ కింద చీకటిగా ఉందని బల్బులు వరసగా వేలాడదీశారు. ఫ్యాన్లు, సౌండు బాక్సులు, వాటికి తోడు విజయ్ పాల్ అద్దెకి తెచ్చిన రెండు పెద్ద కూలర్లు. రూబీ టీచరు స్త్రీల వరసలో, పాపాయి గారనే పెద్దావిడ పక్కన, మూతి బిగించుకుని కూర్చుంది. చేపట్టు చూసింది. గొట్టం చూసింది. గొట్టానికి తుపాను నాటి తీగ ఇంకా వేలాడుతుండటం చూసింది. పళ్లు నూరుకుంది. మాటిచ్చింది కదా.

తుపాను నుంచీ ఏమీ కాలేదు, ఇవ్వాళ మాత్రం ఏమవుతుందిలే అని తనకి తనే చెప్పుకుంది. ఊరు ఊరంతా చెప్పుకునే మాటే అది. అది తన బుర్రలోకీ దూరినందుకు ఆవిడకి ఒళ్లు మండింది.

అప్పుడు దీనమ్మ వచ్చింది. మందిరానికి ఎదురిల్లే ఆవిడది. తొట్టి పక్కన, బోరు గొట్టానికున్న కుళాయి కింద కాళ్లు కడుక్కుని, చెయ్యి విదిలించుకుంటూ వచ్చి కూర్చుంది.

“ఏంటండి దీనమ్మ గారూ?”

“షుగరండి. ఈ మధ్యన ఈ కుళాయి ముట్టుకుంటే చాలు, చెయ్యంతా జుమ్మంటందండి. డాక్టరు గారు మాత్రలు మార్చారు గానీ తగ్గట్లేదు.”

“మీ ఇంట్లో కుళాయి ముట్టుకుంటేనో?”

“మా ఇంట్లో ఏమీ ఉండదండి.”

షుగరు జబ్బు కుళాయిని చూసి వస్తుందా అని అడగడానికి రూబీ టీచరు నోరు తెరిచింది. మాట గుర్తొచ్చి మూసుకుంది. కానీ చూపు మాత్రం కుళాయి నుంచి గొట్టం దాకా పోయింది.

తొట్టిలో నీళ్లు ఇంకాస్త కావాలన్నారు. విజయ్ పాల్ బోరు మోటరు వేయించాడు. ప్లాస్టిక్ పైపులోంచి నీళ్లు పడటం మొదలైంది. అంతే, షామియానా కింద బల్బులన్నీ ఒక్కసారిగా మసకబారి ఎర్రగా అయిపోయాయి. ఫ్యాన్ల రెక్కలు లెక్కపెట్టేంత నెమ్మదించాయి.

“లో వోల్టేజండి, రొయ్యల చెరువుల వాళ్లు ఏరేటర్ మోటర్లు వేసుంటారు” అన్నాడు విజయ్ పాల్ మైకులో. జనం తలకాయలూపారు. ఆ ఊళ్లో దోమ కుట్టినా రొయ్యల చెరువు మీదకే తోసేస్తారు.

రూబీ టీచరు తల తిప్పి రోడ్డవతలికి చూసింది. దీనమ్మ ఇంటి వసారాలో ఫ్యాను గిర్రున తిరుగుతోంది. ఆవిడ ఎప్పుడూ ఆర్పని బల్బు నిక్షేపంగా వెలుగుతోంది. అదే స్తంభం, అదే లైను. అక్కడ లేని లో వోల్టేజి ఇక్కడికెలా వచ్చింది?

క్లాసులో ఆవిడ గారెల లెక్క చెప్పేది. వంటింట్లోంచి పళ్లెం నిండా గారెలు బయల్దేరాయి, పిల్లాడి చేతికి సగమే అందాయి. మిగతావి మాయమయ్యాయా? కాలేదు. దారిలో ఎవడో ఉన్నాడు, వాడి పొట్టలో ఉన్నాయి. కరెంటూ అంతే. ఒకే దారిలో ఒకదాని తర్వాత ఒకటి అడ్డుంటే వోల్టేజిని అవి పంచుకుంటాయి. ఎక్కువ అడ్డుపడేదానికి ఎక్కువ వాటా. బల్బుకి సగమే అందిందంటే మిగతా సగం దారిలో ఇంకెక్కడో కూర్చుంది.

ఇక్కడ బల్బు దాటాక దారిలో ఉన్నది గొట్టం, గొట్టం కింద నేల. కాలువ కట్టేశాక ఆ నేల ఎండి నెర్రెలు విచ్చింది. కరెంటుని సుళువుగా దిగనివ్వదు. మోటరూ, కూలర్లూ, ఫ్యాన్లూ అన్నీ కలిసి ఒక్కసారే తోసేసరికి మిగతా వోల్టేజంతా గొట్టం మీదే నిలిచిపోయింది. గొట్టానికి చేపట్టు వెల్డింగు చేసి ఉంది.

పాస్టరు గారు అవతలి వైపు సిమెంటు మెట్ల మీదుగా దిగి, నడుంలోతు నీళ్లలో నిలబడ్డారు. మొదటి పేరు మెర్సీదే పిలిచారు. తెల్ల చీర కట్టుకుని మెర్సీ లేచింది. అప్పటికే తలమీద నీళ్లు పోసుకుని వచ్చింది, ఒళ్లంతా తడి. చెప్పులు విడిచింది. మొదటి మెట్టు మీద నీళ్లలో కాలు పెట్టింది. చేపట్టు వైపు చెయ్యి చాచింది.

“మెర్సీ! చెయ్యి తియ్యి!”

ఎన్నేళ్లుగానో పిల్లల్ని దడిపించిన గొంతు అది. మెర్సీకి ఆ గొంతంటే అసహ్యం. అయినా పుట్టిన దగ్గర్నుంచీ దానికి లొంగి లొంగి ఉన్న చెయ్యి, ఆలోచించకుండానే వెనక్కి వచ్చేసింది. జనం పాడుతున్న పాట ఆగిపోయింది. మెర్సీ తల్లి వైపు తిరిగింది. కళ్లనిండా నీళ్లు.

“మాటిచ్చావు మమ్మీ.”

“ఇచ్చాను. పైకి రా.”

“టీచర్ గారండి, ఇవ్వాళ కూడా క్లాసేనాండి?” అన్నాడు విజయ్ పాల్. నలుగురు నవ్వారు.

రూబీ టీచరు అతని మొహం కూడా చూడలేదు. “పాస్టరు గారూ, ఆ ఇనుము మాత్రం ముట్టుకోకండి. దాంట్లో కరెంటుంది.”

పాస్టరు గారు మంచాయన. నీళ్లలో చేతులు కట్టుకుని నిలబడిపోయారు. విజయ్ పాల్‌కి ఇక తన విద్య చూపించక తప్పలేదు. జేబులోంచి టెస్టరు తీసి చేపట్టుకి ఆనించాడు. అందులో దీపం ఎర్రగా మినుకుమంది. “అమ్మో” అన్నారు జనం. అతను మాత్రం తొణకలేదు.

“అది ఉత్త ఇండక్షనండి. టెస్టరు ఊరికే అలా చూపిస్తదండి.”

“ఇండక్షన్ అంటే ఏంటయ్యా?”

“అంటే... ఇండక్షనేనండి.”

“నీ పెట్టెలో బల్బు, హోల్డరు ఉన్నాయా? పొడుగు తీగ ఉందా?”

ఉన్నాయి. ఆవరణ చివర పాత చేతిపంపు ఒకటుంది, దానికీ ఈ బోరుకీ సంబంధం లేదు. రూబీ టీచరు దగ్గరుండి హోల్డరు తీగ ఒకటి ఆ చేతిపంపుకి చుట్టించింది. రెండోదాన్ని ప్లాస్టిక్ కర్రకి కట్టి, దూరంగా నిలబడి చేపట్టుకి తగిలించింది. బల్బు వెలిగింది. పూర్తిగా కాదు, పొయ్యిలో నిప్పులా నారింజ రంగులో.

“చూడండి. మీ లో వోల్టేజి ఇక్కడుంది. ఏరేటర్లు తినలేదు. ఉత్త ఇండక్షనైతే బల్బు వెలిగిస్తుందా? ఇది పట్టుకుని నీళ్లలో దిగమన్నారు నా పిల్లని!”

దీనమ్మ తన అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకుంది.

“మెయిను ఆపండి” అన్నారు పాస్టరు గారు.

ఆపారు. ఫ్యాన్లు, కూలర్లు, మైకు, అన్నీ ఆగిపోయాయి. ఎండకి జనం విసనకర్రలు తీశారు. పాస్టరు గారు మైకు లేకుండా, వణుకుతున్న ముసలి గొంతుతో ప్రార్థన చేశారు. వెనక వరసల వాళ్లకి సగం మాటలు వినపడలేదు. మెర్సీ తల్లి వైపు చూడకుండా మళ్లీ మెట్లు దిగింది. మునిగి లేచింది. పైకొస్తూ కాలు జారి, అదే చేపట్టుని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. ఏమీ కాలేదు. రూబీ టీచరు మాత్రం పాపాయి గారి భుజం పట్టుకుని కూలబడింది. ఎవరూ చూడలేదు, అందరూ పాట ఎత్తుకున్నారు.

ఆ వారంలోనే లైన్‌మేన్ వచ్చి న్యూట్రల్ అతికాడు. కాఫీ చల్లారేలోపు అయిపోయిన పని అది. దీనమ్మ చెయ్యి జుమ్మనడం మానేసింది. కొత్త మాత్రలు బాగా పట్టాయని ఆవిడ డాక్టరు గారికి చెప్పి వచ్చింది.

మెర్సీ తల్లితో మూడు పూటలు ముభావంగా ఉంది. ఆ తర్వాత ఒక సాయంత్రం, కూర తరుగుతూ, ఏదో పోనీలే అన్నట్టు అడిగింది. “అసలు బల్బు చూసి ఎలా కనిపెట్టావు మమ్మీ?” రూబీ టీచరు గారెల లెక్క చెప్పింది. మెర్సీ కత్తిపీట ముందు కూర్చునే మొత్తం వింది. తల ఊపలేదు. రెండుసార్లు అడ్డు తగిలి ప్రశ్నలు వేసింది.

మరుసటి ఆదివారం, దేవుడు చేసిన మేలుకి సాక్ష్యాలు చెప్పుకునే వేళ విజయ్ పాల్ లేచాడు. చొక్కా సర్దుకున్నాడు. టెస్టరు తడుముకున్నాడు.

“పోయిన వారం శత్రువైన సాతాను మన సంఘం మీద పెద్ద అపాయం తలపెట్టాడండి. దేవుడు సమయానికి నా టెస్టరు ద్వారా దాన్ని బయటపెట్టాడండి. నా పెట్టెలో బల్బూ, తీగా ముందే ఉంచాడండి. ఆ ఏర్పాటు చూడండి!”

“స్తోత్రం!” అంది సంఘం.

రూబీ టీచరు నవ్వింది. ఆవిడకి కోపం కూడా రాలేదు. ఈ మనుషుల మీద కోపం ఖర్చు పెట్టడం దండగని ఎప్పుడో తేల్చుకుంది. అంతలో పక్కన చీర గరగరలాడింది. మెర్సీ లేచి నిలబడింది.

“అంకుల్, ఒక్క ప్రశ్నండి. ఆ రోజు బల్బులు మసకబారాయి కదండి. బల్బుకి అందని మిగతా వోల్టేజి ఎక్కడున్నట్టండి? ఎందుకున్నట్టండి?”

మూతి ఓ పక్కకి వంకర తిరిగి ఉంది. అచ్చం తల్లి మూతే. రూబీ టీచరు గబుక్కున కూతురి కొంగు లాగింది. “కూర్చోవే.” మెర్సీ కూర్చోలేదు. మందిరమంతా విజయ్ పాల్ వైపు తిరిగింది. దొరికిపోయాడు అనుకుంది రూబీ టీచరు, లోపల ఎక్కడో తీపిగా.

విజయ్ పాల్ ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. చేతులు కట్టుకుని, బడిపిల్లాడిలా నిటారుగా నిలబడి, గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు.

“శ్రేణి సంధానంలో ఉన్న నిరోధాల మధ్య మొత్తం పొటెన్షియల్ భేదం వాటి నిరోధాల నిష్పత్తిలో పంచబడును!”

అక్షరం పొల్లు పోలేదు. సమాధానం అదే. మందిరమంతా చప్పట్లు మార్మోగాయి. ఇన్నేళ్లకీ ఎంత జ్ఞాపకమండి అని పాపాయి గారు ముక్కు మీద వేలేసుకున్నారు. విజయ్ పాల్ మొహం వెలిగిపోతోంది. తను ఇప్పుడు చెప్పింది ఆ గొట్టం గురించేననీ, ఆ నేల గురించేననీ అతనికి రవంతైనా తట్టలేదు. ఇంకేమైనా కావాలా అన్నట్టు మెర్సీ వైపు చూసి, దణ్ణం పెట్టి కూర్చున్నాడు.

మెర్సీ నెమ్మదిగా కూర్చుంది. తల్లి చెవి దగ్గరికి వంగింది.

“మమ్మీ, మరి అంకుల్‌కి తెలుసన్నమాటేగా?”

రూబీ టీచరు మొహంలో నవ్వు పోయింది. నల్లబల్ల మీద ఆ వాక్యం రాసిన సుద్దముక్కా, దాన్ని పరీక్షలో అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పినందుకు ఎర్ర సిరాతో వేసిన నిండు మార్కులూ ఆవిడ కళ్ల ముందు కదిలాయి.

“తెలీదు. వచ్చు, అంతే.”

“ఎవరు నేర్పారు?”

చప్పట్లు ఇంకా ఆగలేదు. రూబీ టీచరు తల వంచుకుంది.

“నేనే” అంది.